బేసిన్ కొనే ముందు పాదాల సంగతి చూడండి

స్నానాలగది బాగుచేయించాలని అనుకోగానే మన ఇళ్లలో మొదట చర్చకు వచ్చేది టైల్స్ రంగు. ఆ తర్వాత వాష్‌బేసిన్ ఆకారం. షోరూంలో గుండ్రనివి, చదరపువి, గిన్నెలా బల్లమీద కూర్చునేవి వరుసగా పేర్చి ఉంటాయి. ఏది అందంగా ఉందో చూస్తాం, ధర అడుగుతాం, కొనేస్తాం. అయితే మన ఇంట్లో ఆ బేసిన్‌కు మరో బాధ్యత కూడా ఉంది. రోజుకు ఐదుపూటలా చాలామంది అక్కడే వుజూ చేస్తారు. వుజూ చేతులతో మొదలై పాదాలతో ముగుస్తుంది. కొనేటప్పుడు మనం మరచిపోయేది ఆ పాదాలనే.

వుజూలో ఏయే అవయవాలు కడగాలో దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా 6వ ఆయతు తెలిపింది. వాటిలో చీలమండల వరకు పాదాలున్నాయి. మడమలు పొడిగా వదిలేసేవారిని దైవప్రవక్త (స) గట్టిగా హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. కనుక పాదాలను తీరిగ్గా, వేళ్ల సందులతో సహా కడుక్కునే చోటు ఇంట్లో ఉండాలి.

మరి జరుగుతున్నదేమిటి? బేసిన్ అంచు సాధారణంగా నేలకు 32 అంగుళాల ఎత్తున ఉంటుంది. కుర్రవాళ్లు కాలు అంత ఎత్తుకు లేపగలరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, డెబ్బై ఏళ్ల నాన్న, నెలలు నిండిన కోడలు ఏం చేయాలి? ఫజ్ర్ వేళ నిద్రమత్తులో, తడినేల మీద ఒంటికాలిపై నిలబడాలి. ముసలితనంలో జారిపడి తుంటి ఎముక విరిగితే మనిషి నెలల తరబడి మంచం పడతాడు. పైగా పడబోయేవారి చేతికి అందేది ఆ బేసినే. గోడకు బిగించిన బేసిన్ మామూలుగా రెండు బోల్టుల మీద నిలుస్తుంది. మనిషి బరువు మోయడానికి అది చేసినది కాదు. పింగాణీ విరిగితే దాని అంచు కత్తిలా కోస్తుంది.

మన పెద్దలు ఈ చిక్కును ఎప్పుడో తీర్చారు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలో హౌజు ఉంది. దాని గట్టున కూర్చుని వుజూ చేస్తారు. ఇళ్లలోనైతే పీట వేసుకుని లోటాతో చేసుకునేవారు. రెండు చోట్లా మనిషి కూర్చునే ఉంటాడు.

ఇక బేసిన్ల రకాలు చూద్దాం. గోడకు బిగించేది చవక, కింద నేల తుడవడం సులువు, చిన్న గదికి తగినది. కింద స్తంభం ఉన్నది గొట్టాలను దాస్తుంది కానీ కాళ్ల దగ్గర చోటు తింటుంది. బల్లమీద గిన్నెలా కూర్చునేది చూడముచ్చటగా ఉంటుంది. అయితే గిన్నె ఎత్తు ఐదారు అంగుళాలు బల్ల ఎత్తుకు కలుస్తుంది. బల్లను ఆ మేరకు దించకపోతే మోచేతులు కడిగేటప్పుడు నీళ్లు చొక్కా చేతుల్లోకి కారతాయి. రాతిబండ కింద అమర్చే రకంలో చిమ్మిన నీటిని ఒక్క తుడుపుతో లోపలికి తోయవచ్చు. అందుకు చీమకుర్తి నల్లరాయి వంటివి మన దగ్గరే దొరుకుతాయి. ఏ రకమైనా వెడల్పుగా, కాస్త లోతుగా ఉన్నదే వుజూకు అనువు. పళ్లెంలాంటి బేసిన్‌లో నీళ్లు ఎగిరి బట్టల మీద పడతాయి.

బేసిన్ ఖర్చులో కొంత మిగిల్చి, పక్కనే పాదాలకు చోటు చేయించండి. 16 నుంచి 18 అంగుళాల ఎత్తున చిన్న అరుగు, దాని ఎదుట రెండడుగుల ఎత్తులో మరో కుళాయి, కింద జాలీ, జాలీవైపు అడుగుకు పావు అంగుళం వాలు, గరుకు టైల్స్, పట్టుకోవడానికి గోడకు గట్టి స్టీలు కమ్మి ఉంటే చాలు. టైల్స్ అంటించకముందే ప్లంబరుకు ఈ సంగతి చెప్పాలి. తర్వాత చెబితే గోడ పగలగొట్టవలసి వస్తుంది. అరుగుకు చోటు లేకపోతే స్నానం కుళాయి దగ్గర జారని కాళ్లున్న గట్టి స్టూలు వేయండి.

మరుగుదొడ్డి ఉన్న గదిలో వుజూ చెల్లుతుందా అని మమ్మల్ని తరచు అడుగుతారు. నజాసత్ మీద చిందకుండా ఉంటే చెల్లుతుంది. అయితే అక్కడ అల్లాహ్ నామాన్ని నోటితో పలకడాన్ని ఉలమాలు ఇష్టపడరు. వీలుంటే బేసిన్‌ను గది వెలుపల, వరండాలోనో నడవలోనో పెట్టించండి. ఒకరు స్నానం చేస్తుంటే మరొకరికి నమాజు వేళ దాటిపోదు.

చివరగా నీటి మాట. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసు. కొలతలో భేదాభిప్రాయాలున్నా అది దాదాపు లీటరుకు మించదు. నిమిషానికి ఆరు లీటర్లు వదిలే కుళాయిని రెండు నిమిషాలు తెరిచి ఉంచితే 12 లీటర్లు పోతాయి. ఐదుగురున్న ఇంట్లో ఐదుపూటలకు 300 లీటర్లు! ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్లకు ఈ లెక్క వివరించనక్కరలేదు. ఎయిరేటర్ అనే జాలీ మూతి ఉన్న కుళాయి, ఒక్క తోపుతో మూసుకునే పిడి ఎంచుకోండి.

షోరూంకు వెళ్లేముందు ఇంట్లో పెద్దవారిని నిలబెట్టి మోచేతి ఎత్తు కొలవండి. బేసిన్ అంచు దానికి దిగువన ఉండాలి. ఆ తర్వాత వారిని కూర్చోబెట్టి, పాదాలు ఎక్కడ కడుక్కుంటే సుఖమో అడగండి. ఆ రెండు కొలతలూ కాగితం మీద రాసుకున్నాకే రంగు సంగతి మాట్లాడండి.