అసీల్ కోడి

అసీల్ కోడి భారత ఉపఖండానికి చెందిన ప్రాచీన కోడిజాతి. అరబ్బీలో అసీల్ అనగా మేలుజాతి అని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో వాడుకలో ఉన్న కాకి, డేగ, నెమలి మొదలగు పేర్లు ఈకల రంగును సూచించునవే గాని జాతిశుద్ధిని తెలుపవు. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1981లో దీనిని ప్రదర్శన జాతిగా గుర్తించింది. నిటారైన నిలకడ, విశాలమైన భుజాలు, ఒంటికి అంటుకొని ఉండే గట్టి ఈకలు, మూడు వరుసలుగా అణగి ఉండే చిన్న తురాయి దీని లక్షణాలు.

అయితే తురాయిని మాత్రమే నమ్మి కొనడం పొరపాటు. ఇది బహిర్గత లక్షణం. నిలువు తురాయి గల పెట్టతో సంకరమైన పిల్లలకు కూడా అణగిన తురాయే వస్తుంది. ఆ పిల్లలను తమలో తాము జతకట్టించినచో తరువాతి తరంలో సుమారు నాలుగింట ఒకదానికి నిలువు తురాయి బయటపడుతుంది. కావున పుంజును ఎంచుకొనుటకు ముందు దాని తల్లిని, తోబుట్టువులను కూడా చూడవలెను. పెట్టలు తక్కువ గుడ్లు పెట్టినా చక్కగా పొదుగుతాయి.