అచ్చులో రంగుల కొలత
మా బడి విడిచిన పిల్లలు కొందరు శివకాశి అచ్చుకూటములకు పనికి పోవుదురు గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము. అచ్చట ముద్రించిన క్యాలెండరు బొమ్మను భూతద్దముతో చూడుడు. ఆకుపై సాధారణముగా ఆకుపచ్చ సిరా ఉండదు. నీలపు చుక్కలు, పసుపు చుక్కలు కలిసి కంటికట్లు తోచును. ఆ రెండును, మెజెంటా, నలుపు - ఈ నాలుగు సిరాలతోనే బొమ్మయంతయు ఏర్పడును.

చిక్కంతయు ఇచ్చటనే. సిరా రవంత హెచ్చినను, కాగితము పీల్చుటచే చుక్క వ్యాపించినను రంగు మారును. వేలకొలది ప్రతులు ఒక్కతీరుననుండుటకు కంటిని నమ్మరాదు. అది త్వరలో అలవాటుపడును. అందుచే కాగితపుటంచున రంగుల పట్టీ ముద్రించి డెన్సిటోమీటరుతో కొలుతురు. పడిన వెలుతురులో పదవవంతు తిరిగివచ్చినచో సాంద్రత 1, నూరవవంతైనచో 2. సంఖ్య తగ్గినచో సిరా పెంచుదురు.

ఐతే సాంద్రత సిరా మందమునే తెల్పును. కంటికి తోచు వన్నెను కొలుచుటకు స్పెక్ట్రోఫోటోమీటరు కావలెను. రెండు వన్నెల భేదమును ఒక్క సంఖ్యగా చెప్పు లెక్కను అంతర్జాతీయ సంఘము సి.ఐ.ఇ. 1976లో ఏర్పరచినది.

దీపమును ముఖ్యమే. అంగడి దీపము క్రింద చీరతో సరిపోయిన రవికగుడ్డ ఎండలో వేరుగా కనబడుట మన తల్లులెరుగుదురు. అందుకే అచ్చుకూటమువారు నమూనాను 5000 కెల్విన్ల ప్రమాణదీపము క్రిందనే చూతురు.