హద్దు దాటిన రోజు

సంస్థ పెరుగుట సంతోషమే. దానితోపాటు లెక్కయు పెరగాలి. ఎక్సైజు సుంకపు రోజులను లెక్కల విభాగంలోని మేము ఇంకా మరువలేదు. 1994లో గేట్‌పాస్ స్థానంలో ఇన్వాయిస్ వచ్చింది. అది లేనిదే సుంకం పడే సరుకు కర్మాగారపు గేటు దాటరాదు. 2002 నియమాల ప్రకారం మూడు ప్రతులు: మొదటిది కొనుగోలుదారుకు, రెండవది రవాణాదారుకు, మూడవది సంస్థకు.

గత ఏడాది అమ్మకాలు రూ.4 కోట్లు మించని చిన్న తయారీదారులకు, 2007 నుండి, ఏటా తొలి రూ.1.5 కోట్ల సరుకుపై సుంకం మినహాయింపు ఉండేది. చాక్లెట్లు చేసే ఒక చిన్న సంస్థ పండుగ అమ్మకాలతో ఆ హద్దు దాటినదనుకొందాం. ఆ రోజును గమనించక పాత పద్ధతిలోనే బిల్లులు వ్రాస్తే, దుకాణదారుల నుండి రాబట్టని సుంకాన్ని వడ్డీతో సహా తన లాభంలోనుండే చెల్లించవలసి వచ్చేది. ప్రతి సాయంకాలం ఆనాటి వరకు సాగిన అమ్మకాలను కూడి చూచుకొనుటయే దానికి విరుగుడు.

2017 జూలై 1న జి.ఎస్.టి. రాగా, ఆహార పదార్థాలపై ఆ సుంకం తొలగినది. హద్దు మాత్రం నేటికీ ఉన్నది. మన ఇండ్లలో పచ్చళ్ళు, పిండివంటలు చేసి సొంత రాష్ట్రంలోనే అమ్ముకొనే సోదరీమణులకు, ఏటి అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. వారికి మా మనవి ఒక్కటే: వ్యాపారం చిన్నదిగా ఉన్ననాడే లెక్కల పుస్తకం తెరువండి.