తెరచినను చదువరాని ఫైలు

గుడియాత్తములో టైపు చేయించిన మా పత్రిక వ్యాసమును వేలూరులో తెరచితిమి. తెలుగునకు మారుగా తెరనిండ అర్థములేని ఆంగ్లాక్షరములు, చిహ్నములు కనబడినవి. చేతివ్రాత ప్రతి అప్పటికే పోయినది. ఫైలు చెడినదని తలంచి తుడిచివేయబోతిమి, అది పొరపాటు.

కంప్యూటరు అక్షరములను దాచదు, సంఖ్యలను దాచును. 65 అను సంఖ్య ఆంగ్లమున పెద్ద ‘ఏ’ అక్షరమునకు గుర్తు. పూర్వపు తెలుగు ఫాంటులు అట్టి సంఖ్యలపైననే మన అక్షర రూపములను ఎక్కించినవి. ఆ ఫాంటు లేని యంత్రము వానిని ఆంగ్లముగనే చూపును. మన తమిళ మిత్రులకును ఈ చిక్కు క్రొత్త కాదు.

1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములను ప్రత్యేకించినది. అందు ‘అ’ సంఖ్య 3077. ఏ దేశపు యంత్రమునందైనను అది వేరొక అక్షరము కానేరదు. ఫాంటు లేనిచో గడులు కనబడవచ్చును, అంతియే.

కావున అట్టి ఫైలును దిద్దక, మొదట నకలు తీసికొనవలెను. పిదప టైపు చేసినవారిని ఫాంటు పేరడిగి దానిని యంత్రములో చేర్చవలెను. లేదా వారి యొద్దనే పీడీఎఫ్‌గా మార్పించుకొనవలెను. యూనికోడునకు మార్చు సాధనములును కలవు. మా వ్యాసము అట్లే తిరిగి లభించినది. ఒత్తులు కొన్ని మాత్రము తారుమారు కాగా, చేతితో దిద్దుకొంటిమి.