ఖాళీ డబ్బా చూసి మురిసిపోతున్నారా?

సాయంత్రం స్కూలు బస్సు దిగిన పిల్లల బ్యాగు అందుకోగానే మనం మొదట చేసే పనేమిటి? టిఫిన్ బాక్సు మూత తీసి చూడటం. మెతుకు మిగలకపోతే "మా బంగారమే" అని ముద్దు చేస్తాం. సగం మిగిలిందా, ఆ పూటంతా సణుగుడే. నేనూ ఐదేళ్ళపాటు అదే పని చేశాను. మా అమ్మాయి డబ్బా ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది. "మీకేమండీ, మీ పాప పేచీ పెట్టకుండా తింటుంది" అని అపార్టుమెంట్లో తోటి ఆడవాళ్ళు అంటుంటే లోలోపల గర్వంగా ఉండేది.

మేముండేది కొండాపూర్లో. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ చుట్టుపక్కల చాలామటుకు బండరాళ్ళూ, తుప్పలేనట. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలు, వాటి చుట్టూ మాలాంటి వాళ్ళ అపార్టుమెంట్లు. ఏడుంబావుకి స్కూలు బస్సు. ఆలోపల పాలు, టిఫిను, జడలు, డబ్బా అన్నీ అయిపోవాలి. ఉద్యోగాలు చేసే తల్లులకి టైము చాలదంటే అర్థం ఉంది. ఇంట్లో ఉండే నాకు ఆ సాకు కూడా లేదు. అయినా గొడవ లేకుండా ఏది తింటుందో అదే పెట్టి పంపేదాన్ని.

కిందటేడు ఆరో తరగతిలో కుట్టించిన యూనిఫాం మూడు నెలలకే బిగుతైపోయింది. "ఎదిగే పిల్ల, బొద్దుగా ఉంటేనే ముద్దు" అంటూ మా అత్తగారు ఆదివారం ఆదివారం దిష్టి తీసేవారు. నన్ను చికాకు పెట్టింది వేరే సంగతి. దాని మెడ వెనక నల్లగా, దళసరిగా ఒక చార తేలింది. మురికనుకుని శనగపిండి పెట్టి పీచుతో రుద్దేదాన్ని. మంటమ్మా అని ఏడ్చినా వదల్లేదు.

ఆ మధ్య జ్వరం వస్తే పిల్లల డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆవిడ జ్వరం సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి, మెడ చూసి ఆగారు. "ఇది మురికి కాదండీ. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయకపోతే చర్మం ఇలా నల్లబడుతుంది. ఇప్పుడే జాగ్రత్తపడకపోతే ముందుముందు షుగరు రావచ్చు" అన్నారు. వయసు 11, ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. షుగరంటే మా మామగారి వయసులో వచ్చేదనే నేననుకున్నాను. అలా రుద్దిన చేతులు నావే కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రక్తపరీక్షలకు రాసి, వారం రోజులు డబ్బాలో ఏం పెట్టానో కాగితం మీద రాసుకురమ్మన్నారు. రాశాను. సోమవారం నూడుల్స్. మంగళవారం బ్రెడ్డు, జామ్. బుధవారం బంగాళాదుంప వేపుడు, అన్నం. గురువారం పూరీ. శుక్రవారం మళ్ళీ నూడుల్స్. ఇవి కాక చిన్న డబ్బాలో రోజూ చిప్సో, క్రీము బిస్కట్లో, పక్కన మామిడిపండు జ్యూసు ప్యాకెట్టూ. వారం మొత్తంలో పప్పు ఒక్క రోజు కూడా లేదు!

ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, మా ఇంట్లో పనిచేసే ఆవిడ గిన్నెలు తోముతూ, "మావాడికి బడిలోనే పెడతారమ్మా. అన్నం, పప్పు, వారానికి మూడు గుడ్లు" అంది. సర్కారు బడి మధ్యాహ్న భోజనం గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలుపెట్టారు. దానికో కొలత ఉంది. ఐదో తరగతి వరకు ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆపై ఎనిమిదో తరగతి వరకు 150, 30, 75, నూనె ఏడున్నర. ఐదు గ్రాముల నూనె అంటే ఒక చిన్న చెంచాడు. అక్కడ అంతా బ్రహ్మాండమని కాదు, పప్పు నీళ్ళలా వచ్చే రోజులూ ఉంటాయని ఆవిడే చెప్పింది. కానీ నేను కొన్న చిప్స్ ప్యాకెట్టు వెనక చదివితే 100 గ్రాములకు 33 గ్రాముల కొవ్వని ఉంది. అంటే 50 గ్రాముల ప్యాకెట్టులో, బడిలో ముగ్గురు చిన్నపిల్లలకు వాడే నూనె కన్నా ఎక్కువే! ఆ అబ్బాయి బడికి నడిచి వెళతాడు. మాది బస్సెక్కుతుంది.

ఇది మా ఇంటి ఒక్కదాని గొడవ కాదులెండి. 2022లో మన దేశంలో 5 నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళలో కోటీ పాతిక లక్షల మందికి స్థూలకాయం ఉందని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఉప్పు, పంచదార, కొవ్వు ఎక్కువున్నవి, ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చేవి బాగా తగ్గించమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లోనే చెప్పింది. అలాంటివి బడి లోపలా, గేటుకి 50 మీటర్ల దూరం లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. బాగానే ఉంది. మరి మన వంటింటి నుంచి డబ్బాలో కట్టి పంపే దాన్ని ఎవరు ఆపుతారు?

మర్నాటి నుంచే చిప్స్ మానేసి పప్పన్నం పెట్టాను. డబ్బా ఖాళీగానే వచ్చింది! సంతోషించినంతసేపు పట్టలేదు, చెత్తబుట్టలో పారబోసిందని తెలియడానికి. తిట్టకుండా అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చిప్స్ కోసమే అందరూ నా పక్కన కూర్చుంటారమ్మా. పప్పన్నం తెస్తే వాసనంటారు."

దీనికి ఏ పోషకాహార నిపుణుడు జవాబు చెబుతాడు?

బస్సు దగ్గర కలిసే మరో ముగ్గురు తల్లులతో మాట్లాడాను. ఒకావిడ మొహమాటం లేకుండా, "నాకు ఏడింటికే మీటింగు, గుగ్గిళ్ళు ఎప్పుడు ఉడకేసుకోను?" అంది. నిజమే. ఆవిడ జామకాయ ముక్కలో, అరటిపండ్లో పంపేట్టు ఒప్పందం. మిగతా వాళ్ళం తలా ఒక రోజు వేయించిన పల్లీలు, పోపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు, ఉడికించిన మొక్కజొన్న, నలుగురికీ సరిపడా. పంచుకోవడం పోలేదు, పంచుకునేది మారిందంతే. నాలుగు రోజులు ప్యాకెట్లు బంద్, శుక్రవారం వాళ్ళిష్టం. పప్పన్నంలో నెయ్యి ఒక చెంచాకు మించకుండా, వాసన వేస్తుందన్నారని ఇంగువ మాత్రం తగ్గించాను. ముద్దగా కాకుండా పొడిపొడిగా కలిపి, పైన కీరా ముక్కలు పెడితే చూడ్డానికి కూడా బాగుంటుంది. వేపుడు బదులు బీన్స్ పోపుకూర. జ్యూసు స్థానంలో మంచినీళ్ళు.

పస్తులుంచవద్దనీ, ఎదిగే వయసు కాబట్టి ఎత్తు పెరుగుతూ బరువు నిలకడగా ఉంటే చాలనీ డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. రోజూ గంటసేపు ఆడించమన్నారు. ఎక్కడ? మా అపార్టుమెంట్లో "బంతి ఆడరాదు" అని బోర్డు ఉంది, ఖాళీ అంతా కార్లే. అదో పోరాటం, ఇంకోసారి రాస్తాను.

ఏడు నెలలైంది. బరువు 51 దగ్గరే ఉంది, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. మెడ మీద నలుపు ఇంకా పోలేదు, కాస్త పలచబడింది. పీచు ముట్టుకోవడం లేదు.

నిన్న సాయంత్రం డబ్బా తెరిస్తే దోసకాయ పప్పన్నం సగం మిగిలి ఉంది. "కడుపు నిండిపోయిందమ్మా" అంది. అలవాటుకొద్దీ ఏదో అనబోయి, మూత పెట్టేసి సింకులో వేశాను.