మీకు తెలుసా? పాత కుర్చీ మెరుపు వెనక లక్క పురుగు

తాతల నాటి టేకు వాలు కుర్చీకి ఉన్న ఎర్రటి మెరుపు చాలాసార్లు లక్క పాలిష్‌దే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగులు స్రవించే జిగురును శుద్ధి చేస్తే షెల్లాక్ వస్తుంది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పల్చగా, పొర మీద పొరగా రుద్దుతారు.

మీ కుర్చీకి ఉన్నది అదేనా? కింది వైపు, కంటికి కనబడని చోట దూదితో కాస్త స్పిరిట్ అద్ది చూడండి. కాసేపట్లో జిగటగా మారితే అది లక్కే. అలాంటప్పుడు దయచేసి ఉప్పు కాగితం పట్టకండి! దాని మీదే మళ్లీ లక్క పూత వేయండి. కొత్త పూతలోని స్పిరిట్ పాత పొరను కొంచెం కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. చేతులు ఆనీ ఆనీ నున్నబడిన అంచులు, ఏళ్ల తరబడి ముదిరిన కర్ర రంగు అలాగే నిలుస్తాయి. గీకేస్తే మళ్లీ రావు.

రంగే వేయాలనుకుంటే ఒక జాగ్రత్త: పాత కర్రలోని మరకలు తెల్ల రంగులోంచి గోధుమ మచ్చలుగా పైకి తేలుతుంటాయి. మైనం తీసిన షెల్లాక్ ముందుగా ఒక పూత వేస్తే అది వాటిని అడ్డుకుంటుంది.

కుర్చీకి ఇప్పటికే పాత రంగు ఉంటే, అందులో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధనలు 2016లో గానీ రాలేదు. అందుకే పాత రంగును పొడిగా గీకొద్దు. తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచి తీయండి.