వేగాభ్యాస సంఘముల ఎంపిక: పావగడ సీమ యువకుల కొరకు ఒక విచారణ

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాలో చేరియున్నను, ఆంధ్రదేశము దానిని మూడు వైపుల చుట్టియున్నది. ఇచ్చట ఇండ్లలో తెలుగును, కచేరీలలో కన్నడమును వినవచ్చును. పూర్వము ఈ సీమ పేరు చెప్పినంతనే పావగడ దుర్గము, నిడగల్లు కోట, నాగలమడికె సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, వేరుసెనగ చేలు, వానిని వెన్నంటిన కరవు స్మృతికి వచ్చెడివి. నేడు వీనికి తోడు తిరుమణి ప్రాంతపు సౌరవిద్యుత్ క్షేత్రము ప్రసిద్ధి కెక్కినది. సుమారు 13,000 ఎకరములలో వ్యాపించి, 2018లో ప్రారంభమై, 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యము నందుకొన్న ఈ క్షేత్రముతో పాటు వాహన సంచారమును ఈ సీమలో పెరిగినది. బెంగుళూరున ఉద్యోగములు చేయు యువకులు పండుగలకు సొంత కార్లలోను, శక్తిమంతములైన మోటారు సైకిళ్ళమీదను ఊళ్ళకు వచ్చుచున్నారు. బారుగా సాగిన బాట, సందెవేళ, పక్కన ప్రోత్సహించు మిత్రుడు: ఈ మూడును కలిసినచోట వేగకాంక్ష పుట్టుట వింత కాదు.

ఆ కాంక్షకు రహదారి తగిన చోటు కాదని ఈ తాలూకాకు వేరుగా చెప్పనక్కరలేదు. 2022 మార్చి 19వ తేదీన వై.ఎన్. హొసకోటె నుండి పావగడకు వచ్చుచున్న క్రిక్కిరిసిన ప్రైవేటు బస్సు పళవళ్ళి కట్ట సమీపమున బోల్తాపడగా, విద్యార్థులతో సహా పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆనాటినుండి ఈ సీమలో బిడ్డ బడికి బయలుదేరినప్పుడు తల్లి వీధి మలుపు వరకు చూచుచు నిలుచుట పరిపాటి యైనది. వేగము నభ్యసింపగోరువాడు దానిని ఎచ్చట, ఎవరి యొద్ద అభ్యసింపవలెను అను ప్రశ్న కావున వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు. ఆ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

వేగాభ్యాస దినమనగా నేమి?

మోటారు పందెములకై నిర్మించిన మూసిన బాటను ఒక సంఘము ఒక దినమునకు అద్దెకు గైకొని, సామాన్యులైన వాహనదారులను తమ తమ సొంత వాహనములతో అచ్చట నడపనిచ్చుటను ‘ట్రాక్ డే’ అని వ్యవహరింతురు. ఇది పందెము కాదు. గెలుపోటములు లేవు, బహుమానములు లేవు, మంచి సంఘములు క్రొత్తవారికి కాలపు లెక్కయు వేయవు. ఎదురు వాహనము, పశువు, పాదచారి లేనిచోట, నేర్పరి పక్కన కూర్చుండి చెప్పుచుండగా, వాహనము తన హద్దుల దగ్గర ఎట్లు ప్రవర్తించునో తెలిసికొనుటయే దీని ప్రయోజనము. జర్మనీ దేశమున న్యూర్బుర్గ్‌రింగ్ బాట 1927లో ప్రారంభమైన నాటినుండియు రుసుము చెల్లించిన సామాన్యులకు సైతము తెరువబడుచున్నది. కావున ఈ పద్ధతి నేడు పుట్టినది కాదు.

దక్షిణదేశమున ఈ విద్యకు చెన్నపట్టణము, కోయంబత్తూరు ముఖ్యస్థానములు. 1953లో స్థాపితమైన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు మొదట షోలవరమునందలి పాత విమానాశ్రయపు బాటపై పందెములు నడిపిరి. తదుపరి శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టై యందు సుమారు 3.7 కిలోమీటర్ల బాటను నిర్మించుకొనిరి. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయమునందలి కారి మోటార్ స్పీడ్‌వే 2003లో వెలసినది. అది లక్ష్మీ మిల్సు కుటుంబీకుడును, అల్ప వ్యయముతో ‘ఫార్ములా మారుతి’ పందెపు కారును రూపొందించి మధ్యతరగతి యువకులకు ఈ క్రీడను అందుబాటు చేసినవాడును అగు ఎస్. కారివర్ధన్ పేర నెలకొన్నది. ఆయన 1995లో విమాన ప్రమాదమున మరణించెను. ఉత్తరమున గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ 2011 నాటిది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేన్ సాగరము చెంత ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడు, వీథులను మూసి, ఇరుప్రక్కల గోడలు నిలిపి, వాహనము వాహనమునకు పరీక్షలు జరిపిన పిదపనే చోదకులను విడిచిరి. వీథి బాటగా మారుటకు అంత కట్టుదిట్టము కావలసియుండగా, ఏ ఏర్పాటును లేని ఊరి రహదారి బాట ఎట్లగును?

వేగమునకు లెక్క కలదు

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము సెకనుకు సుమారు 17 మీటర్లు కదలును. చోదకుడు అపాయమును చూచి బ్రేకుపై కాలు మోపులోపల ఒక సెకను గడచినచో ఆ 17 మీటర్లు వృథాయగును. పొడి బాటపై గట్టిగా బ్రేకు వేసిన పిమ్మట వాహనము మరి 20 మీటర్లు పోయి నిలుచును. వెరసి 37 మీటర్లు. వేగము 120కి పెరిగినచో మొదటి భాగము రెట్టింపై 33 మీటర్లగును. రెండవ భాగము మాత్రము రెట్టింపు గాక నాలుగింతలై 79 మీటర్లకు చేరును. వెరసి సుమారు 112 మీటర్లు. వేగము రెండింతలైన, నిలుచు దూరము మూడింతలకు మించును. ఈ లెక్కను నల్లబల్లపై చూచినవాడు తలయూపును. మూసిన బాటపై తన కాలితో తెలిసికొన్నవాడు జన్మలో మరువడు. మంచి సంఘము నేర్పు మొదటి పాఠమిదియే.

మంచి సంఘపు లక్షణములు

మొదటిది, ప్రాతఃకాల సభ. వాహనములు కదలుటకు ముందు అందరిని సమావేశపరచి బాట మలుపులను, ప్రవేశ నిష్క్రమణ స్థానములను, జెండాల అర్థములను చెప్పవలెను. పసుపు జెండా అపాయసూచకము: వేగము తగ్గింపవలెను, ఎవరిని దాటరాదు. ఎర్రజెండా యనగా అభ్యాసము నిలిపివేయబడినది: అందరును నెమ్మదిగా విడిదికి మరలవలెను. నీలి జెండా వెనుక వేగముగా నొకడు వచ్చుచున్నాడనియు, పసుపు ఎరుపు చారల జెండా బాట జారుచున్నదనియు, నల్లజెండా ఆ చోదకుడు విడిదికి రావలెననియు తెలుపును. ఈ సభకు రానివానిని బాటపై అడుగిడనీయని సంఘమే నమ్మదగినది.

ఇచ్చట తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసినది ఒకటి కలదు. ఈ ఉపదేశము తరచుగా ఆంగ్లమున, కొన్నియెడల తమిళమున గాని కన్నడమున గాని జరుగును. ఇంట తెలుగు, బడిలో కన్నడము, కొలువులో ఆంగ్లము నేర్చిన పావగడ యువకుడు సభలో సిగ్గుపడి, సగము తెలిసినను తలయూపును. తలయూపుట గ్రహించుట కాదు. పాఠము చెప్పుట వేరు, పాఠము వచ్చుట వేరు అని గురువులకు తెలియని విషయము కాదు. అందుచే మంచి సంఘపు నాయకుడు చెప్పి ఊరకుండక, మరల అడుగును: ‘ఎర్రజెండా చూచినచో నీవేమి చేయుదువు?’ అని ప్రశ్నించి, శిష్యుని నోట సమాధానము రప్పించును. తెలియనివాడు నిస్సంకోచముగా లేచి తన భాషలో విప్పి చెప్పుమని యడుగవలెను. అట్లడిగినవానిని చూచి నవ్వు సంఘమును అచ్చటనే విడిచి మరలివచ్చుట మేలు.

రెండవది, వాహన పరీక్ష. బ్రేకు మందము, బ్రేకు నూనె, టైర్ల అరుగుదల, చక్రపు బిరడాల బిగువు, నూనె కారుట, బ్యాటరీ కట్టు మున్నగునవి చూడవలెను. కారులోని నీటిసీసా మొదలు విడి వస్తువులన్నియు తీసివేయింపవలెను. పాదము క్రిందికి దొర్లిన సీసా బ్రేకును అడ్డగింపజాలును. చోదకుని హెల్మెట్టు పరీక్షింపబడవలెను; మోటారు సైకిలువారు చేతికి, కాలికి, వెన్నునకు రక్షణ ధరింపవలెను. ఈ పరీక్ష సంతకముతో ముగిసి, లోపమున్న వాహనము వెనుకకు పంపబడవలెను. ఒక్క వాహనమునైనను ఎన్నడును తిప్పిపంపని సంఘము పరీక్షించుచున్నట్లు కాదు.

మూడవది, తరగతుల విభజన. బడిలో అక్షరాభ్యాసము చేయు బాలుని ఉన్నత తరగతిలో కూర్చుండబెట్టరు. అట్లే క్రొత్తవారిని, నడిమివారిని, ఆరితేరినవారిని వేర్వేరుగా విభజించి, ఒక్కొక్క జట్టును 15 లేక 20 నిమిషములు మాత్రము విడువవలెను. కార్లను, మోటారు సైకిళ్ళను ఒక్క వేళ బాటపై కలుపరాదు. తరగతిని వాహనపు వెలనుబట్టి గాక చోదకుని అనుభవమును బట్టి నిర్ణయింపవలెను. వెలగల కారు తెచ్చిన క్రొత్తవాడే అందరికంటె నెక్కువ అపాయకారి.

నాలుగవది, దాటు నియమము. క్రొత్తవారి జట్టున బారుబాటలయందు మాత్రమే, అదియు ముందున్నవాడు చేయి చూపి దారి యిచ్చినపుడే దాటవలెను. మలుపులలో దాటుట నిషిద్ధము. ఈ నియమమును ఉల్లంఘించినవానిని మొదట హెచ్చరించి, రెండవసారి ఇంటికి పంపవలెను. వాడు నిర్వాహకుని మిత్రుడైనను, రుసుము ముందుగా చెల్లించినవాడైనను మినహాయింపు ఉండరాదు.

ఐదవది, కావలి, చికిత్స. ముఖ్యమైన మలుపులలో జెండాలతో శిక్షితులైన కావలివారు, విడిదిలో వైద్యుడు, ఆంబులెన్సు, నిప్పు నార్పు సాధనములు ఉండవలెను. నిర్వాహకుని అడుగదగిన ప్రశ్న యొకటి: ‘ఆంబులెన్సు ఒకనిని ఆసుపత్రికి కొనిపోయినచో, అది మరల వచ్చువరకు ఏమి చేయుదురు?’ రెండవది సిద్ధముగా నున్నది, లేదా అభ్యాసము నిలిపివేయుదుము అని తడవుకొనక చెప్పువాడు బాధ్యత నెరిగినవాడు. ‘అట్టి అవసరము రాదు’ అనువాని యొద్ద నిలువరాదు.

అవసరము వచ్చుననుటకు నిదర్శనములు దూరమున లేవు. ఇరుంగాట్టుకోట్టైలో 2023 జనవరి 8న కారు పందెమున 59 ఏండ్ల అనుభవజ్ఞుడును, ఆ సంవత్సరమే ఆగస్టు 5న మోటారు సైకిలు పందెమున బెంగుళూరుకు చెందిన 13 ఏండ్ల బాలుడును మరణించిరి. అవి అభ్యాస దినములు కావు, నియమబద్ధమైన పందెములు. అనుభవమున్నచోట, వైద్యులున్నచోట సైతము మృత్యువు తప్పనిచో, అవి లేనిచోట సంగతి ఊహింపవచ్చును. మూసిన బాట అపాయమును తగ్గించును, తొలగింపదు. తొలగించుననువాడు అసత్యమాడుచున్నాడు.

శాసనము, భీమా

1988 నాటి మోటారు వాహన శాసనపు 189వ విభాగము ప్రభుత్వానుమతి లేక బహిరంగ స్థలములలో పందెములాడుటను నిషేధించినది. 2019 సవరణ వలన మొదటి తప్పునకు మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపబడును. అదే సవరణతో చేరిన 199ఎ విభాగము ప్రకారము మైనరు నడిపి నేరమొనర్చినచో తండ్రి లేక సంరక్షకుడు మూడేండ్ల వరకు ఖైదునకును, 25,000 రూపాయల జుల్మానాకును పాత్రుడగును. కుమారుని ముచ్చట తీర్చుట ప్రేమయే. ఆ ప్రేమకు హద్దు చూపునది ఈ విభాగము.

ఇక భీమా సంగతి. సాధారణ వాహన భీమా పత్రములు పందెములను, వేగ పరీక్షలను తమ రక్షణ నుండి మినహాయించుచున్నవి. కావున బాటపై కలిగిన నష్టము చోదకునిదే యని తలచి పోవలెను. అప్పు తీరని వాహనమును బాటకు కొనిపోవుట వివేకము కాదు. సంఘమువారు సంతకము చేయించు హామీ పత్రమును పూర్తిగా చదివి, తెలియని మాటకు అర్థమడిగి, పిదపనే సంతకము చేయవలెను. వ్యక్తిగత ప్రమాద భీమా ఏర్పాటు ఉన్నదా యని విచారింపవలెను. బాట యాజమాన్యపు అనుమతిని, భారత మోటారు క్రీడా సంఘముల సమాఖ్యతో నిర్వాహకులకు గల సంబంధమును విచారించుట అవశ్యము.

మరలివచ్చు దారి

ఈ విషయమున ఎవ్వరును ఆలోచింపని ఘట్టము మరలి వచ్చుటయే. పావగడ నుండి బెంగుళూరు సుమారు 150 కిలోమీటర్లు. అచ్చటినుండి ఇరుంగాట్టుకోట్టై మరి 300 కిలోమీటర్లు. పగలంతయు ఎండలో శరీరమును, మనస్సును బిగబట్టి నడిపినవాడు ఆ రాత్రియే ఇంటికి బయలుదేరుట మిక్కిలి అపాయకరము. బాటపై 140 వేగమునకు అలవడిన కంటికి రహదారిపై 90 నడకవలె తోచును. బ్రేకులు అరిగియుండును, టైర్లు వడలియుండును. కావున బయలుదేరుటకు ముందు వాహనమును మరల చూచుకొని, ఆ రాత్రి అచ్చటనే విశ్రమించి, మరునాడు తోడు చోదకునితో రావలెను. సాయంకాలము అందరిని కూర్చుండబెట్టి ఈ మాట చెప్పి పంపు సంఘము ఉత్తమోత్తమము. వారి బాధ్యత బాట గేటు దగ్గర ముగియలేదు.

ఉపసంహారము

ఒక సంఘము ఎంత వేగముగా నడుపనిచ్చునను దానినిబట్టి గాక, ఎవరిని ఆపును, ఎప్పుడు ఆపును అను దానినిబట్టి దాని మేలు నిర్ణయింపదగును. క్రొత్తగా చేరగోరువాడు మొదట ఒక దినము వాహనము లేక పోయి, విడిదిలో నిలిచి, సభ జరిగిన తీరును, తిరస్కృతులైన వాహనములను, ఎర్రజెండా లేచినప్పుడు అందరును విధేయులైన విధమును చూచి రావలెను. ఆ ఒక్కదినపు పరిశీలన పలువురి పొగడ్తలకంటె విలువైనది.

ఈ విద్య నేర్చినవాని పరీక్ష బాటపై జరుగదు. అది వై.ఎన్. హొసకోటె దారిలో, బడి విడిచిన వేళ, చెరువు కట్టమీది మలుపులో జరుగును. అచ్చట దూరమునుండియే చూచి, ముందుగానే నెమ్మదించి, సైకిలుపై పోవు బాలికకు దారి విడిచినవాడే ఉత్తీర్ణుడు. అట్టి చోదకులను తయారుచేయు సంఘము ఏ ఊరిదైనను, ఏ భాషదైనను, పావగడ తల్లిదండ్రులు తమ బిడ్డలను నమ్మకముతో దానికి అప్పగింపవచ్చును.